హైదరాబాద్‌లో నక్షత్రాల హోటళ్లు, నమ్మదగిన మెకానిక్‌లు: మీ అనుభవాలు చెప్పండి

రెండో_అంతస్తు
రాజమండ్రి నుంచి నల్లకుంటకు కాపురం మార్చి ఏడాది దాటింది. ఎక్కడ తినాలో, ఇంట్లో ఏదైనా చెడిపోతే ఎవరిని పిలవాలో ఇప్పటికీ తేలడం లేదు. ఫోనులో మ్యాప్ తెరిస్తే వీధి చివరి బజ్జీల బండి నుంచి ఏసీ హోటల్ దాకా అందరికీ నాలుగుకు పైనే నక్షత్రాలు. అందరూ అంత బాగా వండుతుంటే మందుల దుకాణంలో గ్యాస్ మాత్రలకు అంత గిరాకీ ఎందుకో అర్థం కాదు.

మా అత్తగారు వచ్చారని ఆదివారం ఒక పేరున్న చోటికి భోజనానికి వెళ్లాం. పేరు రాయను, గొడవ నాకెందుకు. ముద్దపప్పు ఫ్రిజ్ లోంచి తీసి తెచ్చినంత చల్లగా ఉంది. గుత్తివంకాయలో కాయ ఉడకలేదు, తొడిమ పట్టుకుంటే కూర మొత్తం దానితో పాటు లేచి వచ్చింది. చేతులు కడుక్కునే లోపే సర్వరు కుర్రాడు ఒక కార్డు తెచ్చి, స్కాన్ చేసి ఐదు నక్షత్రాలు ఇస్తే గులాబ్ జామూన్ ఉచితం అన్నాడు. నేను వద్దనే లోపే అత్తగారు నా ఫోను తీసుకుని ఐదూ వెలిగించేశారు. ఆ తర్వాత వచ్చిన బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జి. తీసేయమంటే "కంప్యూటర్‌లో అలాగే వస్తుంది సార్" అని క్యాషియర్ గోడ వైపు చూశాడు.

మీరు సొంత డబ్బు పెట్టి మళ్లీ మళ్లీ వెళ్లే చోట్లు చెప్పండి. తిండి ఒక్కటే కాదు. ఏసీ, మిక్సీ, కుళాయి, దర్జీ, ఏదైనా సరే.

బొబ్బట్టు
జామూన్ మనిషికి ఒకటా, బల్లకు ఒకటా? ఇది ముఖ్యం.

రెండో_అంతస్తు
బల్లకు రెండు. మేం నలుగురం. రెండూ అత్తగారే తిన్నారు.

బిల్లుపుస్తకం
క్యాషియర్ చెప్పింది చెల్లదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల్లో సంగతి సూటిగా ఉంది. హోటల్ తనంతట తాను బిల్లులో సర్వీస్ ఛార్జి కలపకూడదు. ఇంకో పేరు పెట్టి వసూలు చేయడం కూడా కుదరదు. ఇవ్వనన్న మనిషిని లోపలికి రానివ్వకపోవడం అసలే కుదరదు. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి, చాలాకాలం స్టే నడిచింది. చివరికి 2025 మార్చి 28న ఆ కోర్టు మార్గదర్శకాలను సమర్థించింది.

అక్కడే గొంతు పెంచి అరవనక్కర్లేదు. మేనేజర్‌ను పిలిపించి "ఇది ఇష్టమైతే ఇచ్చేది కదా, నాకు ఇష్టం లేదు" అంటే చాలు. క్యాషియర్ కంప్యూటర్‌కు రాని విద్య మేనేజర్ కంప్యూటర్‌కు వస్తుంది, ఇది నేను చాలా చోట్ల చూశాను. అప్పటికీ తీయకపోతే బిల్లు ఫొటో తీసుకుని 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడతారు.

లెక్కల_మాస్టారు
ఆ పది శాతం మీద జీఎస్టీ కూడా వేసి ఉంటారు, బిల్లు మళ్లీ చూడండి. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. ఏసీ ఉంటే 18, లేకపోతే 12 అనే పాత పద్ధతి 2017 నవంబరులోనే పోయింది. కాంపొజిషన్ పథకం (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తామే కొంత శాతం పన్ను కట్టే పద్ధతి) కింద ఉన్న చిన్న హోటళ్లయితే బిల్లులో జీఎస్టీ అసలు వేయకూడదు.

మా వీధిలో ఒకాయన జీఎస్టీ నంబరే లేకుండా జీఎస్టీ వసూలు చేసేవాడు. నంబరు ఏది అని అడిగితే "దరఖాస్తు పెట్టాం సార్, రాబోతోంది" అన్నాడు.

కూకట్‌పల్లి_కోడలు
నంబరు కంటే ముందు పన్ను వచ్చేసిందన్నమాట.

సాయంత్రం_షిఫ్టు
అందరూ సర్వీస్ ఛార్జి మీద పడ్డారు కానీ ఒక మాట. చదువుకునే రోజుల్లో నేను హోటల్‌లో బల్లలు తుడిచాను. ఆ డబ్బు సిబ్బందికి పంచే యజమాని దగ్గర పని చేశాను కాబట్టి చెబుతున్నాను, నెలాఖరుకు అది మా గది అద్దెలో సగం. బిల్లులో తీయించుకోండి, మీ హక్కు. తీయించుకున్నాక కుర్రాడి చేతిలో ఏమీ పెట్టకుండా లేచి వెళ్లేవాళ్లే ఎక్కువ. వాళ్లు వినియోగదారుల హక్కుల గురించి ఉపన్యాసం ఇస్తే నాకు నవ్వు వస్తుంది.

బిల్లుపుస్తకం
@సాయంత్రం_షిఫ్టు, పంచే యజమాని ఉంటే సంతోషం. పంచాడో లేదో తినేవాడికి తెలిసే దారి లేదు కదా. నేను బిల్లులో తీయించి, వడ్డించిన మనిషికి చేతికే ఇస్తాను. అలా ఇస్తే ఎవరికి అందిందో నా కళ్లకు కనబడుతుంది.

శంకరమఠం_దారి
నల్లకుంటలో ఇల్లు పెట్టుకుని టిఫిన్ ఎక్కడ అని అడుగుతున్నారా! ఉదయం ఏడింటికి శంకర మఠం దగ్గర నిలబడండి. స్టీలు గిన్నె పట్టుకుని నడిచే పెద్దాయన ఎవరైనా కనబడితే ఆయన వెనకే వెళ్లండి. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ తినండి. మ్యాప్ అవసరం లేదు.

రెండో_అంతస్తు
వెళ్లాను. ఆయన పాల కేంద్రం దగ్గర ఆగారు.

శంకరమఠం_దారి
ఇంకో పెద్దాయనను చూసుకోండి.

గోదారి_గట్టు
మీకు కావలసింది పెసరట్టు అయితే ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. చాలా చోట్ల దోసె పిండిలో కాస్త పెసరపిండి కలిపి పచ్చగా వేసి ఇస్తారు. అసలైనదైతే అంచు దగ్గర పెసరపొట్టు చుక్కలు చుక్కలుగా కనబడుతుంది, మధ్యలో అల్లం ముక్క పంటికి తగులుతుంది. చుక్కలు లేకుండా నున్నగా ఉంటే అది దోసెకు వేసిన వేషం. ఉప్మా పైన పెట్టి మడిచి ఇచ్చినంత మాత్రాన పెసరట్టు అయిపోదు. ఇక్కడి వాళ్లు దోసెలోనూ ఉప్మా పెడతారు.

చార్మినార్_చాయ్
దోసెలో ఉప్మాను చులకన చేయకండి. గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద ఒకసారి తిని మాట్లాడండి. పెనం మీద దోసె పరుచుకోగానే వెన్న ముద్ద, గరిటెడు ఉప్మా, ఉల్లి, టమాటా, కారప్పొడి పడతాయి. అన్నింటినీ పెనం మీదే గరిటెతో నలిపి దోసె అంతా పూస్తారు. చట్నీ వద్దనిపిస్తుంది. ఉదయం పూటే వెళ్లాలి. అక్కడి నుంచి చార్మినార్ పక్కన నిమ్రాకు నడిస్తే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. రాత్రి ఆకలేస్తే నాంపల్లిలో రామ్ కీ బండి. అర్ధరాత్రి దాటాక కూడా జనం కార్ల బానెట్‌ల మీద ప్లేట్లు పెట్టుకుని తింటుంటారు.

గోదారి_గట్టు
రుచి లేదని నేను అనలేదు. అంత వెన్న వేస్తే గోడకు కొట్టిన సున్నం కూడా రుచిగానే ఉంటుంది.

చార్మినార్_చాయ్
ఆవకాయలో నూనె తక్కువా?

బొబ్బట్టు
వెన్న గెలిచింది. తర్వాతి అంశం.

మూడు_నక్షత్రాలు
నక్షత్రాల సంగతికి వస్తాను. అవి పనికిరావని తేల్చేయకండి, చదివే పద్ధతి వేరు. ఐదు నక్షత్రాలవీ, ఒక నక్షత్రానివీ వదిలేస్తాను. ఐదులో సగం జామూన్ కోసం వేసినవి, ఒకటిలో సగం పార్కింగ్ దగ్గర గొడవ పడినవాళ్లవి. మూడు నక్షత్రాలు ఇచ్చినవాడు బాగున్నదీ చెబుతాడు, బాగోలేనిదీ చెబుతాడు. "సాంబారు బాగుంది, వడ చల్లారింది, పదకొండు తర్వాత వెళ్లకండి" అని రాసిన మనిషిని నమ్మవచ్చు. "అద్భుతం, కుటుంబంతో వెళ్లదగిన చోటు" అని రాసిన మనిషి అక్కడ తినకపోయినా అదే రాస్తాడు.

కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి. వంటమనిషి మారితే హోటల్ మారినట్టే కానీ పాత నక్షత్రాలు అలాగే ఉంటాయి. హోటల్ పెట్టిన ఫొటోలు కాకుండా తినేవాళ్లు తీసిన ఫొటోలు చూడండి. ఇలాంటి సమీక్షల కోసం భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చింది. రాసినవాడు నిజమైన మనిషేనా అని సైటు సరిచూడాలని అందులో ఉంది. పాటించడం మాత్రం సైటు ఇష్టం.

కర్రీపాయింట్_మేనల్లుడు
కౌంటర్ అవతలి వైపు సంగతి కూడా వినండి. మా మేనమామకు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర కర్రీ పాయింట్ ఉంది. పేరు చెబితే ప్రచారం అంటారు కాబట్టి చెప్పను. డెలివరీ యాప్‌లో పెట్టాక బిల్లులో నాలుగో వంతు దాకా వాళ్లకే పోయేది. ఆ మేర ధర పెంచితే "దుకాణంలో తక్కువ, యాప్‌లో ఎక్కువ, మోసం" అని ఒక నక్షత్రం. పెంచకపోతే దొండకాయ వేపుడు డబ్బాలో నాలుగు ముక్కలు తగ్గించాలి, దానికీ ఒక నక్షత్రం. ఒకరోజు వరసగా ఐదారు ఒంటి నక్షత్రాలు పడ్డాయి, అన్నింట్లోనూ "చికెన్ వాసన వస్తోంది" అని. మా మామ శాకాహారం తప్ప వండడు.

కర్రీ పాయింట్‌కు వెళ్లేవాళ్లకు నాకు తెలిసిన రెండు మూడు సంగతులు. సాయంత్రం ఏడింటికి పప్పు మీద మీగడ కట్టినట్టు ఉంటే అది మధ్యాహ్నానిది. వేపుళ్లలో మధ్యాహ్నం మిగిలిన వాటిని సాయంత్రం శనగపిండి చల్లి మళ్లీ వేపుతారు, మా పోటీదారు చేస్తాడు, మా మామ కూడా వర్షం పడి జనం రాని రోజున చేస్తాడు. వేడి సాంబారు పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోయించుకోకండి. క్యారేజీ పట్టుకెళ్లండి. క్యారేజీ తెచ్చినవాళ్లకు మా మామ ఒక గరిటె ఎక్కువ పోస్తాడు, ఎందుకంటే వాళ్లు రేపు కూడా వస్తారని ఆయన లెక్క.

కూకట్‌పల్లి_కోడలు
శాకాహార దుకాణంలో చికెన్ వాసన! పాపం.

లెక్కల_మాస్టారు
కర్రీ పాయింట్‌కైనా, బండికైనా ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నంబరు ఉండాలి. పద్నాలుగు అంకెలు ఉంటాయి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద కూడా అది వేయాలని నిబంధన. గోడ మీద ఫ్రేము కట్టి పెట్టారంటే ఒకసారి గడువు తేదీ చదవండి. నేను చూసిన ఒకదానికి దండ కూడా వేశారు, గడువు అయిపోయినందుకు అనుకున్నాను.

మౌలాలి_మామ
ఆ నంబరు ఉంటే వంటిల్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు మాస్టారూ. 2024లో అధికారులు వరసగా తనిఖీలు చేసినప్పుడు రోజూ పేపర్‌లో చదివాం కదా, లైసెన్సు ఉన్న పెద్ద వంటిళ్లలోనే గడువు దాటిన సరుకులు, బొద్దింకలు. ఆ ఏడాది అక్టోబరు చివర్లోనే పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. నేనైతే చేతులు కడుక్కునే చోటు చూస్తాను. తినేవాళ్లకు కనబడే చోటే అలా ఉంటే కనబడని చోటు ఎలా ఉంటుందో ఊహించుకుని బయటికి వచ్చేస్తాను.

బిర్యానీ_పంచాయితీ
ఇంతసేపు బిర్యానీ మాట రాలేదు, ఇది హైదరాబాద్ చర్చేనా? బషీర్‌బాగ్‌లో కేఫ్ బహార్, మదీనా దగ్గర షాదాబ్. నా ఓటు ఈ రెండింటికీ. మధ్యాహ్నం మొదటి హండీ, అంటే బిర్యానీ వండే పెద్ద గిన్నె, మూత తీసే వేళకు వెళ్లండి. పచ్చి మాంసం మసాలాలో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, పిండితో మూత మూసి సన్న సెగ మీద దమ్ చేసేదే కచ్చీ బిర్యానీ. హండీ పక్క నుంచి గరిటె నిలువుగా దింపి తీస్తే తెల్లన్నం, కుంకుమపువ్వు అన్నం, అడుగు మసాలా మూడూ ప్లేట్లోకి వస్తాయి. రద్దీలో పైపైన గీకి ఇస్తే తెల్లన్నం మీద ముక్క పెట్టినట్టే ఉంటుంది. అప్పుడు తప్పు హండీది కాదు, గరిటెది. "కింద నుంచి తీయండి భాయ్" అని అడగడానికి సిగ్గుపడకండి.

కూకట్‌పల్లి_కోడలు
పార్సిల్‌లో ఎక్కువ ఇస్తారంటారు, నిజమేనా?

బిర్యానీ_పంచాయితీ
నిజం. ఒక పార్సిల్‌తో ఇద్దరు తినవచ్చు. ప్లేటు అంటే ప్లేటు పట్టినంతే కదా.

లెక్కల_మాస్టారు
అన్నం ఎక్కువ ఉంటుంది, ముక్కలు అంతే ఉంటాయి. నేను ఇంట్లో త్రాసు మీద పెట్టి చూశాను.

బొబ్బట్టు
మాస్టారింట్లో భోజనానికి పిలిస్తే ఎవరూ వెళ్లకండి.

చార్మినార్_చాయ్
ప్లేటు తింటే సలాన్ (బిర్యానీతో ఇచ్చే పులుసు) మళ్లీ పోయించుకోవచ్చు, పార్సిల్‌లో రెండు చిన్న సంచులే. నా దృష్టిలో లెక్క సమానం.

వేసవి_బాధితురాలు
తిండి గొడవలో ఏసీ మరిచిపోయారు. ప్రతి ఏప్రిల్‌లో నాకు ఒకటే కథ. ఫోనులో బుక్ చేస్తాను, చక్కటి చొక్కా వేసుకున్న అబ్బాయి వస్తాడు, బయటి యూనిట్‌కు మీటరు తగిలిస్తాడు, ముల్లు చూపించి "గ్యాస్ తగ్గింది మేడమ్" అంటాడు. మూడు వేలకు తక్కువ కాకుండా తీసుకుని నింపుతాడు. పది రోజులు హిమాలయం. మళ్లీ వచ్చే ఏప్రిల్‌కు ముల్లు పడిపోతుంది. స్కూటర్‌లో పెట్రోలు పోసినట్టు ఏసీకి ఏటా గ్యాస్ పోయించాలా? మా పక్కింటివాళ్లకూ అదే అబ్బాయి అదే మాట చెప్పాడు. వాళ్లది పోయిన ఏడాది కొన్న ఏసీ.

రాగి_గొట్టం
ఈ పని చేసేవాణ్ణి కాబట్టి వివరంగా చెబుతాను. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ లోపలి వేడిని బయట పారబోస్తుంది, అంతే. కారకపోతే పదేళ్లయినా అలాగే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. చిల్లు వెతకకుండా నింపినవాడు వచ్చే ఏడాది బేరం కూడా ఇప్పుడే ఖాయం చేసుకున్నాడు.

చల్లదనం తగ్గగానే గ్యాస్ అనుకోవద్దు. ముందు లోపలి ఫిల్టరు తీసి కుళాయి కింద కడగండి, సగం ఫిర్యాదులు అక్కడే పోతాయి. బయటి యూనిట్ బిగుసుకుని మూలిగి ఆగిపోతుంటే చాలాసార్లు కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న భాగం) పోయి ఉంటుంది, గ్యాస్‌తో పోలిస్తే ఖర్చు తక్కువ. ఏసీ నడుస్తుండగా బయటి సన్న గొట్టం మీద మంచు కట్టిందంటే అప్పుడు గ్యాస్ అనుమానించవచ్చు, అదీ ఫిల్టరు కడిగాకే.

నిజంగానే కారితే పని ఇలా జరగాలి. నట్లు బిగించిన చోట్ల సబ్బు నురగ పూయాలి, బుడగలు వస్తే అక్కడే లీకు. దొరకకపోతే నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి. అతుకు వేశాక వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లోని గాలీ తేమా లాగేయాలి, దానికి కనీసం ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఆ తర్వాతే గ్యాస్. అది కూడా ముల్లు చూసి కాదు, సిలిండర్‌ను త్రాసు మీద పెట్టి తూచి. బయటి యూనిట్ మీద అంటించిన కాగితంలో ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఆర్32 అనో, ఆర్410ఏ అనో చదువుకోండి. త్రాసు తెచ్చావా అని ఒక్క ప్రశ్న అడిగితే వచ్చినవాడు పనివాడో కాదో తెలిసిపోతుంది.

మీ ఇల్లు మురుగు కాల్వ పక్కన ఉందా? అక్కడి వాయువు రాగిని తినేస్తుంది. గొట్టం నల్లబడి సన్నటి చిల్లులు పడతాయి. అలాంటి చోట అతుకు వేసినా మళ్లీ పక్కన పోతుంది, కాయిల్ మార్చడమే దారి.

వేసవి_బాధితురాలు
నాలాకు మా బాల్కనీకి మధ్య ఒక గోడ. ఇన్నేళ్లలో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. మీరు ఏ వైపు పని చేస్తారు?

రాగి_గొట్టం
ఇక్కడ నంబరు పెడితే చర్చ నా ప్రకటన అయిపోతుంది. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను కాకుండా, మీ వీధిలో ఏసీ విడిభాగాలు అమ్మే దుకాణాయనను అడగండి. వాచ్‌మన్‌కు కమీషన్ ఉంటుంది. దుకాణాయనకు ఎవరు కెపాసిటర్ కొంటున్నారో, ఎవరు ఊరికే గ్యాస్ సిలిండర్లే కొంటున్నారో తెలుసు.

మూడు_నక్షత్రాలు
ఇది కొత్త సంగతి. ఏ సైటులోనూ దొరకదు.

డాలస్_దొరగారు
డిసెంబరులో పిల్లలతో వస్తున్నాం. రెండు ప్రశ్నలు. హలీం దొరుకుతుందా? అమ్మ పెళ్లినాటి మిక్సీ ఆగిపోయింది, కొత్తది కొనిస్తానంటే వద్దంటోంది, బాగు చేయించాలట. ఎక్కడికి తీసుకెళ్లాలి?

చార్మినార్_చాయ్
రంజాన్ నెలలో అయితే వీధికో హలీం భట్టీ (పెద్ద పొయ్యి) ఉంటుంది, గోధుమలూ మాంసమూ కలిపి కర్రలతో దంచుతూ కనబడతారు. డిసెంబరులో ఆ సందడి ఉండదు, ఏడాదంతా పెట్టే ఒకటి రెండు హోటళ్లను వెతుక్కోవాలి. 2010లోనే హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాబట్టి డాలస్‌లో తిన్నదాన్ని ఆ పేరుతో పిలవకండి.

మౌలాలి_మామ
మిక్సీకి ముందు మీ వీధి ఎలక్ట్రీషియన్, కాకపోతే కోఠి. గుజరాతీ గల్లీలో విడిభాగాలు దొరుకుతాయి, ట్రూప్ బజార్‌లో కుళాయిలు, స్విచ్‌లు, గొట్టాలు. కంప్యూటర్ అయితే సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, గిన్నెలకు బేగంబజార్. ఫోను కోసం ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు వెళ్తే ఒక్క జాగ్రత్త: మీ కళ్లెదుటే విప్పమనండి. "గంటలో రండి" అంటే చాయ్ అక్కడికే తెప్పించుకుని కూర్చోండి.

పిల్లలను మొజంజాహీ మార్కెట్‌లో ఫేమస్ ఐస్‌క్రీంకు తీసుకెళ్లండి. సీతాఫలాలు ఇంకా వస్తూ ఉంటే ఆ రుచే అడగండి. తింటూ తలెత్తి ఆ రాతి గడియారం బురుజు చూడండి.

గోదారి_గట్టు
అమ్మగారి మిక్సీ ఆగిపోతే చాలాసార్లు అడుగున ఎర్ర మీట ఉంటుంది, మోటారు వేడెక్కితే అది బయటికి వస్తుంది. దాన్ని లోపలికి నొక్కి చూడమనండి. కోఠి తర్వాత.

డాలస్_దొరగారు
అమ్మకు ఫోన్ చేశాను. నొక్కింది, తిరిగింది. "అమెరికా వెళ్లి ఇది కూడా నేర్చుకున్నావా" అంటోంది. @గోదారి_గట్టు, మీ పేరు చెప్పలేదు, క్షమించాలి.

సాయంత్రం_షిఫ్టు
మిఠాయి దుకాణాల గురించి ఎవరూ రాయలేదు. మా వైపు ఒక దుకాణంలో కాజూ బర్ఫీ అడిగితే అట్టపెట్టె త్రాసు మీద పెట్టి, అందులోనే తూచి ఇస్తాడు. పెట్టె బరువుకు కూడా బర్ఫీ ధరే. పండగ పెట్టెలైతే మరీ మందం. పెట్టె తీసి తూచమంటే "డిజైన్ పెట్టె ఉచితం" అన్నాడు.

లెక్కల_మాస్టారు
తూనికలు, కొలతల చట్టం ప్రకారం సరుకు ఒక్కటే తూచాలి. ఖాళీ పెట్టె ముందు త్రాసు మీద పెట్టించి, ముల్లు సున్నాకు తెప్పించండి. ఎలక్ట్రానిక్ త్రాసుకు దానికోసమే మీట ఉంటుంది.

కూకట్‌పల్లి_కోడలు
తూకం అన్నారు కాబట్టి గ్యాస్ సిలిండర్. బిల్లు ధర కాకుండా తెచ్చిన అబ్బాయి ప్రతిసారీ అదనంగా అడుగుతున్నాడు. ఇవ్వాలా?

బిల్లుపుస్తకం
ఇంటికి చేర్చే ఖర్చు ధరలోనే ఉంటుంది. ఇవ్వాల్సిన పని లేదు.

సాయంత్రం_షిఫ్టు
లిఫ్టు లేని నాలుగో అంతస్తుకు భుజం మీద మోసుకొచ్చినవాడికి ఇవ్వనవసరం లేదని పుస్తకంలో ఉంది సరే. అడిగి తీసుకుంటే తప్పు, మనంతట మనం ఇస్తే తప్పు కాదు.

మౌలాలి_మామ
ఆ పది ఇరవై వదిలేయండి, బరువు చూడండి. పెద్ద నష్టం అక్కడ. సిలిండర్ పై పట్టీ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. దానికి 14.2 కిలోల గ్యాస్ కలిపితే మొత్తం బరువు రావాలి. త్రాసు వాళ్లే తేవాలి, అడిగితే తూచాలి. అదే పట్టీల మీద ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన ఏడాది ఉంటాయి. మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు అది. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ దాకా, అలా. ఆ గడువు దాటిన సిలిండర్‌ను గుమ్మం లోపలికి రానివ్వకండి.

కూకట్‌పల్లి_కోడలు
ఈరోజే వచ్చింది. ఖాళీ బరువు 15.9 అని ఉంది. తూచమంటే "మా దగ్గర త్రాసు లేదమ్మా" అన్నాడు. వెంటనే మా మామగారు లోపలి నుంచి పాత ఇనుప కొక్కెం త్రాసు తెచ్చారు. అది చూసి ఆటోలోంచి వాళ్ల త్రాసు వచ్చింది. 29.2 చూపించింది.

లెక్కల_మాస్టారు
30.1 రావాలి. తొమ్మిది వందల గ్రాములు తక్కువ. తీసుకున్నారా?

కూకట్‌పల్లి_కోడలు
లేదు. మారుమాట లేకుండా అదే ఖాళీ బరువున్న ఇంకొకటి దించాడు, 30.2 ఉంది. మా అంతస్తులో మిగిలిన మూడిళ్లవాళ్లూ తలుపులు తీసుకుని వచ్చి వాళ్లవీ తూపించుకున్నారు. అబ్బాయి మొహం చూడాలి.

బొబ్బట్టు
వంద గ్రాములు ఎక్కువ వచ్చింది కదా, వెనక్కి ఇచ్చారా?